కడియం విన్న గొంతు

స్వరూప తయారుచేసిన పరికరాన్ని ల్యాబ్‌లో అందరూ కడియం అనేవాళ్ళు. చూడటానికి అలాగే ఉండేది మరి. మణికట్టంత లావు కేబుల్‌కి దాన్ని తొడిగి నొక్కితే చాలు, పైతొడుగు మీద చిన్న గాటు కూడా పెట్టకుండా, లోపలి రాగితీగలో ఏం పారుతోందో చెప్పేసేది. అది రాకముందు భూమిలో కేబుల్ చెడిందంటే రోడ్డు తవ్వాల్సిందే, ఎక్కడో ఒకచోట కోసి చూడాల్సిందే. కోసినచోట అతుకు, ఆ అతుకులోకి వానాకాలం నీళ్ళు, మళ్ళీ తవ్వకం.

"నాడి పట్టుకుని జబ్బు చెప్పాలి గానీ, పొట్ట కోసి చూసి చెప్తే వైద్యం ఎలా అవుతుందమ్మా?" అనేది ఇందుమతి. వరంగల్లులో ఆ ల్యాబ్‌కి ఆవిడే పెద్ద. తలంతా నెరిసినా జడకి రంగురంగుల రిబ్బన్లు కట్టుకునే మనిషి. స్వరూప ఆవిడ దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తోంది.

కడియం మంచి కేబుళ్ళ మీద బాగానే పనిచేసింది. పాతవాటి మీద ఎలా ఉంటుందో చూద్దామని బొగ్గు కంపెనీ తుక్కు యార్డు నుంచి కొన్ని చుట్టలు తెప్పించారు. అందులో ఒక్క చుట్ట వాళ్ళని ఏడిపించింది. రెండు కొసలూ గాలిలో ఉన్నాయి, దేనికీ తగిలించలేదు, కరెంటన్నదే లేదు. అయినా కడియం తొడిగితే మీటరు ముల్లు వణికేది. స్పీకర్ పెడితే గరగర.

"పాత రబ్బరు. ఏళ్ళ తరబడి ఏదో చెత్త పట్టేసి ఉంటుంది" అంది ఇందుమతి. కేబుల్‌ని మూరల చొప్పున ముక్కలు కోసి ఓవెన్‌లో పెట్టి కాల్చారు. వేడికి ఆ గరగర పోయేది. శుభ్రమైన ముక్క మిగిలేది. దాని మీద ప్రయోగాలు చేసుకునేవాళ్ళు. అలా చలికాలమంతా గడిచింది. చుట్ట కరిగిపోయి చివరికి మూడే ముక్కలు మిగిలాయి.

ఒక మధ్యాహ్నం స్వరూప టిఫిన్ డబ్బా తెరిచి, ఓవెన్ వేడెక్కేలోపు ఊరికే ఉండటమెందుకని ఒక ముక్కకి కడియం తొడిగింది. స్పీకర్‌లో గరగర మొదలైంది. ఆమె ముద్ద కలుపుతూ వింటోంది. గరగర ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ అంతే సేపు ఉండి ఆగింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెత్త అయితే ఒక లెక్కన ఆగి, ఒక లెక్కన మొదలవ్వదు. కంప్యూటర్‌లో వేగం తగ్గించి, పైని రొద కోసేసి మళ్ళీ వినిపించుకుంది.

గంట. పాతకాలపు టెలిఫోన్‌కి పిడి తిప్పితే మోగే గంట.

"మేడమ్!" ఆమె కేక విని ఇందుమతి పరిగెత్తుకొచ్చింది.

ఇద్దరూ విన్నారు. మూడు దీర్ఘాలు, కాస్త విరామం, మళ్ళీ మూడు దీర్ఘాలు. ఇందుమతి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అదే ముక్కని మళ్ళీ చదివించు."

స్వరూప మళ్ళీ చదివించింది. ముల్లు కదల్లేదు. స్పీకర్‌లో నిశ్శబ్దం. ఆ ముక్క ఖాళీ అయిపోయింది.

ఇందుమతికి మెల్లగా అర్థమైంది. తీగలో పారిన ప్రతి కదలికా చుట్టూ ఉన్న పాత రబ్బరులో కొంత విద్యుత్తుని ఇరికించి పోతోంది, తడికాలితో నడిస్తే గచ్చు మీద గుర్తులు మిగిలినట్టు. వాడుకలో ఉన్న తీగలో ఆ గుర్తుల మీద కొత్తవి పడి చెరిగిపోతాయి. తెగిపోయి, ఇక ఎవరూ వాడని తీగలో మాత్రం చివరగా పారినవి అలాగే ఉండిపోతాయి. కడియం వాటిని ఊడబెరికి వినిపిస్తుంది. కాబట్టి ఒక్కసారే వినగలం.

"ఓవెన్ కూడా చేసిందదే కదా మేడమ్" అంది స్వరూప. "చలికాలమంతా మనం కాల్చింది..."

ఇందుమతి లేచి వెళ్ళి ఓవెన్ ఆపేసింది. తర్వాత ఆ కేబుల్ చుట్టి వచ్చిన ఖాళీ చెక్కచక్రం దగ్గరికి నడిచి, దాని మీద తెల్లరంగుతో రాసింది చదివింది. "పెద్దగుట్ట బాయి అంటే... మీ ఊరే కదూ?"

స్వరూప తల ఊపింది.

బాయి అంటే అక్కడివాళ్ళకి బొగ్గుగని. పెద్దగుట్ట బాయిలో నిప్పంటుకున్నప్పుడు స్వరూపకి నాలుగేళ్ళు. లోపల పదకొండు మంది ఉండిపోయారు. అందులో వాళ్ళ నాన్న ఓదెలు ఒకడు. మంట ఆరాలంటే లోపలికి గాలి పోకూడదని బాయి నోటికి గోడ కట్టేశారు. శవాలు కూడా బయటికి రాలేదు. గ్యాసు కమ్మిన క్షణంలోనే అందరూ పోయారనీ, ఎవరికీ నొప్పన్నదే తెలియలేదనీ ఆఫీసర్లు చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకునే వాళ్ళమ్మ రాజవ్వ బతికింది. గనిలోకి దిగేవాళ్ళకి దీపాలిచ్చే ల్యాంప్‌రూమ్‌లో ఉద్యోగమిస్తే చేసుకుంటూ కూతుర్ని చదివించింది. చిన్నప్పుడు స్వరూప నాన్న గురించి అడిగినప్పుడల్లా "నిద్రల పోయినట్టు పోయిండు బిడ్డా" అనేది.

మరి చనిపోయినవాళ్ళు గంట ఎలా కొట్టారు?

మర్నాడు రెండో ముక్క బల్ల మీద పెట్టారు. మొదటి ముక్కని తొందరగా చదివించి పాడుచేసుకున్నారు. దీన్ని నెమ్మదిగా, ఎక్కడా తొణక్కుండా చదివించాలి. కడియం తొడగబోయి స్వరూప ఆగిపోయింది. నాన్న గొంతు ఎలా ఉంటుందో ఆమెకి గుర్తులేదు. ఏ గొంతు వినబడినా అదే నాన్నదని అనుకునేటట్టు ఉంది.

"నేను తొడగనా?" అంది ఇందుమతి.

"వద్దు మేడమ్." స్వరూపే తొడిగింది.

గంట మోగింది. చాలాసేపు మోగింది. ఆ తర్వాత దూరంగా, బావిలోంచి వచ్చినట్టు ఒక మగగొంతు.

"నేను సాంబయ్యను మాట్లాడుతున్న. సర్దార్ సాంబయ్యను. ఏడుగురం పానంతోని ఉన్నం. నలుగురు పోయిండ్రు. ఓదెలు గాలితలుపు ఏసి అవుతల్నే ఉండిపోయిండు. ఆడు ఏసిండు గాబట్టే మా దిక్కు గ్యాసు రాలే."

స్వరూప రెండు చేతులతో నోరు మూసుకుంది. నాన్న అప్పుడే పోయాడు. గోడ వెనక చీకట్లో రోజుల తరబడి ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఆ తెరిపి ఒక్కసారిగా గుండెలోకి వచ్చింది. వచ్చిన మరుక్షణమే ఆ గొంతు ఎవరిదో తెలిసి తల దించేసుకుంది. సాంబయ్య ఆ షిఫ్టు కూలీలకి పెద్ద, సర్దార్. ఆయన భార్య లింగమ్మ. క్వార్టర్లలో వాళ్ళ పక్కింటి అత్త. అమ్మ డ్యూటీకి పోతే తనకి తల దువ్వి, అన్నం పెట్టి బడికి పంపిన అత్త.

గొంతు మళ్ళీ వచ్చింది. మధ్యలో ఎంత కాలం గడిచిందో తెలియదు గానీ ఊపిరి బరువెక్కింది. "హవా ఆగింది. ఏందో సప్పుడు ఇనొస్తంది. రాళ్ళు పేరుస్తున్నట్టు... గోడ గడుతున్నరా? అయ్యా, గోడ గట్టకుండ్రి. మేమున్నం. ఏడుగురం ఉన్నం."

గంట. గంట. మళ్ళీ గంట.

ఇందుమతి స్పీకర్ దగ్గర నుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. స్వరూప మాత్రం చివరిదాకా వింది. సాంబయ్య ఒక్కొక్కరి ఇంటికీ ఒక్కో మాట చెప్పాడు. తోటివాళ్ళ గొంతులు వెనక నుంచి అందిస్తుంటే ఆయన పలికాడు. తర్వాత పిడి తిప్పే ఓపిక తగ్గింది. మూడు దీర్ఘాలు రెండయ్యాయి, ఒకటైంది, ఒకటి సగమైంది. తర్వాత రబ్బరులో ఇంకేమీ లేదు.

"ఎన్ని ముక్కలు కాల్చాం స్వరూపా?" అంది ఇందుమతి, వెనక్కి తిరక్కుండానే. "ప్రతి ముక్కలోనూ వాళ్ళు ఇలాగే అరుస్తూ ఉన్నారు. మనం శుభ్రం చేస్తున్నామనుకున్నాం."

స్వరూప ఆ వారమే ఊరికి పోయింది. బస్సు దిగి క్వార్టర్ల దాకా నడుస్తుంటే దుమ్ము కొట్టుకుపోయిన చెట్లు, బొగ్గు లారీలు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. అలా ఉండటమే ఆమెకి వింతగా తోచింది.

రాజవ్వ కూతురి మొహం చూసి చేతిలో చేట పక్కన పెట్టింది. స్వరూప అంతా చెప్పింది. తలుపు సంగతి దగ్గరికొచ్చేసరికి రాజవ్వ కళ్ళలో నీళ్ళు వస్తాయనుకుంది. రాలేదు. మొహం కందగడ్డలా అయింది.

"ఆయననే ఏసిండా తలుపు? ఇంకెవలు లేకుంటిరా? ఇంట్ల నాలుగేండ్ల పిల్ల ఉన్నదని యాదికి రాలేదా ఆ మనిషికి?" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుంటూ తుడుచుకుంటూ కొంగు అలాగే మొహానికి అడ్డం పెట్టుకుని ఉండిపోయింది. చాలాసేపటికి "మంచిగనే చేసిండు తియ్" అంది.

"లింగమ్మత్తకు ఎట్ల చెప్పాలమ్మా? క్షణంల పోయిండనే కదా ఆమె గూడ ఇన్నేండ్లు..."

"చెప్పాలె. నువ్వు చెప్పకుంటే నేను చెప్త. మొగని మాట పెండ్లానికి దాస్తవా?"

చెప్పడానికి పోనక్కర్లేకపోయింది. బిడ్డ వచ్చిందని తెలిసి లింగమ్మే గిన్నెలో సర్వపిండి పెట్టుకుని వచ్చింది. సన్నటి మనిషి, నవ్వితే పళ్ళ సందు కనబడుతుంది. తల్లీకూతుళ్ళ వాలకం చూసి నవ్వు ఆపింది. స్వరూప ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని, మంచం మీద కూర్చోబెట్టి, కింద ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది. కేబుల్ గురించి ఎక్కువ చెప్పలేదు. "మామ బాయిలకెళ్ళి ఫోన్ చేసిండు అత్తా. ఆయన గొంతు దొరికింది. గ్యాసుకు పోలేదు. గోడ గట్టేటప్పుడు బతికే ఉన్నడు."

లింగమ్మకి అర్థం కాలేదేమోనని స్వరూప మళ్ళీ చెప్పబోయింది.

"గంట మోగిందా?" అంది లింగమ్మ.

"ఏంది అత్తా?"

"ఫోన్ గంట. మూడు సార్లు, మళ్ళ మూడు సార్లు మోగిందా?"

స్వరూప తలెత్తి చూసింది. "మోగింది. నీకెట్ల ఎరుక?"

"నేనిన్న బిడ్డా." లింగమ్మ గొంతు పూర్తిగా మామూలుగా ఉంది. ఆ మామూలుతనమే భయమేసేలా ఉంది. "నేనే గాదు, బాయి మీద కూసున్న ఆడోళ్ళమందరం ఇన్నం. అగో, మీ అమ్మ గూడ ఇన్నది. ఆఫీసుల మోగింది. మోగంగనే లేసి ఉరికినం. ఇంజినీరు సారు ఎత్తిండు. చెవుకు పెట్టుకొని చానాసేపు ఇన్నడు. గరగర తప్ప ఏం లేదన్నడు. మంటకు వైరు కాలి గంట దానంతటదే మోగుతుందమ్మా, మీరు ఆశ పెట్టుకోకుండ్రి అన్నడు. అయినా మోగుడు ఆగలే. ఆ మోతకు మేము పిచ్చోళ్ళమైతున్నమని, పాపం, మా మీద జాలికే, కత్తెర తెచ్చి వైరు కోసేసిండు."

రాజవ్వ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఆమెకీ గంట గుర్తుంది. దానికీ, కూతురు చెప్పిన గంటకీ ముడిపెట్టుకోవడం ఆమె వల్ల కాలేదంతే.

"ఆయన పిలుస్తున్నడు" అంది లింగమ్మ. "నేను పక్కన్నే కూసున్న. చెయ్యి సాపితే అందేంత దూరం." తన అరచేయి తిప్పి, అందులో ఏదో ఉన్నట్టు చూసుకుంది. అంతవరకే మామూలుగా ఉంది. ఆ తర్వాత ఆమె పెట్టిన కేకకి క్వార్టర్ల వరసంతా తలుపులు తెరుచుకున్నాయి.

రెండు రోజులు లింగమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు. మూడోనాడు పొద్దున తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. "పెద్దగుట్టను పేలుస్తరంట. మీటింగు పెడుతున్నరు. అండ్లనే మా వోళ్ళున్నరు. నడువు."

అది నిజమే. బాయిని మూసేసిన గుట్టని పైనుంచి తవ్వి బొగ్గు తీయాలని కంపెనీ అనుకుంటోంది. జనం మాట వినడానికి స్కూలు గ్రౌండులో షామియానా వేశారు. జిల్లా నుంచి ఒక అధికారిణి వచ్చింది. స్వరూప లేచి రెండో ముక్కలోంచి తీసిన రికార్డు సంగతి చెప్పింది. కంపెనీ తరఫున వచ్చిన వకీలు మర్యాదగానే విన్నాడు.

"అమ్మా, మీ బాధ అర్థమవుతుంది. మీ నాన్నగారూ అందులోనే పోయారని విన్నాను. కానీ కంప్యూటర్‌లో ఉన్న గొంతు ఎవరిదైనా కావచ్చు. ఈ రోజుల్లో ఎవరి గొంతునైనా పుట్టించొచ్చు. పైగా అసలు ముక్క చదవగానే ఖాళీ అయిపోయిందని మీరే అంటున్నారు."

గుడారంలో గుసగుసలు లేచాయి. అధికారిణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. వకీలు మాటనే రాసుకుంది.

స్వరూప ఫోన్ చేసి రమ్మంటే వరంగల్లు నుంచి వచ్చిన ఇందుమతి వెనక వరసలో ఉంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన మూడో ముక్క ఉంది. దాన్ని తీసుకురావడమే ఆవిడకి ఇష్టం లేదు. ఆ ముక్కే లేకపోతే తాము కనుక్కున్నది నిజమని ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకీ చూపించలేరు. అలాంటి కేబుల్ ఇంకొకటి దొరుకుతుందన్న నమ్మకం లేదు. బస్సు దిగినప్పటి నుంచి దారిపొడవునా స్వరూపతో అదే వాదించింది. ఇప్పుడు లింగమ్మ వెనక్కి తిరిగి ఆవిడ వంక చూసింది. ఏమీ అడగలేదు. ఇందుమతి లేచి ముందుకొచ్చి, గుడ్డ విప్పి బల్ల మీద ముక్క పెట్టింది.

"దీనికి తీగ ఏదీ తగిలించలేదు. వచ్చి చూసుకోండి" అంది. వకీలు వచ్చి ముక్కని ఎత్తి రెండు కొసలూ చూశాడు. కడియాన్ని తిప్పి తిప్పి చూశాడు. అధికారిణి కూడా చూసింది. స్వరూప కడియం తొడిగి, రెండో ముక్కకి లాగే నెమ్మదిగా చదివించింది. స్పీకర్ గుడారం బొంగుకి కట్టి ఉంది.

గంట మోగింది.

జనం మొహాలు చూసుకున్నారు. కుర్రకారుకి అదేం శబ్దమో కూడా తెలియదు. కానీ ముందు వరసల్లో కూర్చున్న ముసలాళ్ళలో ఒకామె లేచి నిలబడింది. ఆ వెంటనే ఇంకొకామె. చేతికర్ర వెతుక్కుంటూ మరొకామె. ఎవరూ లెమ్మనలేదు, ఎవరూ సైగ చేయలేదు. ఆ మోత విని ఒకప్పుడు ఉరికిన ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. రాజవ్వ కూడా లేచింది. అధికారిణి వాళ్ళ వంక చూసి, ఆ తర్వాత వకీలు వంక చూసింది. అతను చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసి తల వంచుకున్నాడు.

సాంబయ్య మాట్లాడాడు. గోడ కట్టకుండ్రి అన్నాడు. తర్వాత ఆయన ఇళ్ళకి మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. కొమురయ్య చెల్లె పెండ్లి ఆపొద్దట. రాజమల్లు కొడుకుని బాయి పనికి తోలొద్దట. ఒక్కో పేరు వచ్చినప్పుడు ఆ ఇంటి మనిషి "ఆఁ" అంటోంది, ఫోన్‌లో అవతలివాళ్ళకి అన్నట్టే. స్వరూప కడియం మీద చెయ్యి వేసి, అది ముక్క మీద నుంచి జారకుండా పట్టుకుని నిలబడింది.

అందరివీ అయ్యాక సాంబయ్య కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మా లింగమ్మ బాయి మీదనే కూసోని ఉంటది. మొండిది. ఎవలు చెప్పినా ఇనది. జర లేపి ఇంటికి తోలుండ్రి. రెండు ముద్దలు తినుమనుండ్రి."

లింగమ్మ స్పీకర్ వైపు చూస్తూ నిలబడింది. ఆమె పెదవులు కదిలాయి గానీ ఏమందో పక్కనే ఉన్న రాజవ్వకి కూడా వినబడలేదు.

గుట్టని పేల్చడం ఆగిపోయింది. వకీలు అడ్డు చెప్పలేదు. గోడ కొట్టించాలని అధికారిణి అక్కడికక్కడే చెప్పింది. వైరు కోసిన ఇంజినీరు ఎప్పుడో పోయాడని తెలిసింది. ఆయన మీద దుమ్మెత్తి పోయడానికి కొందరు సిద్ధమయ్యారు గానీ లింగమ్మ పోయనివ్వలేదు. "మా ఏడుపు సూడలేక కోసిండు" అంది. ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో చూసినవాళ్ళకే తెలుసు.

మూడో ముక్క ఖాళీ అయిపోయింది. ఇందుమతి తర్వాత ఎన్నో పాత కేబుళ్ళు తెప్పించి చూసింది. దేనిలోనూ గరగర తప్ప ఏమీ రాలేదు. వాళ్ళ మాట నమ్మనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

వేసవిలో గోడ కొట్టారు. లోపలి గాలి మంచిది కాదని ముసుగులు వేసుకున్నవాళ్ళు తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తాడు కట్టిన చోట లింగమ్మ పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఎండ ఎక్కింది. స్వరూప గొడుగు పట్టింది. రాజవ్వ సద్ది తెచ్చింది. లోపలి నుంచి కబురొచ్చింది, ఏడుగురూ ఒక్కచోటే ఉన్నారట. ఓదెలు తలుపు అవతల, దానికి వీపు ఆనించి ఉన్నాడట. రాజవ్వ వింది. సద్ది మూట విప్పబోయిన చేతులు ఆగిపోయాయి.

"అత్తా, జర లే" అంది స్వరూప. "నీడకు పోదాం. రెండు ముద్దలు తిను. పొద్దటి నుంచి ఏం తినలే నువ్వు."

లింగమ్మ బాయి నోటి మీద నుంచి చూపు మరల్చలేదు.

"ఆయనను రానీ బిడ్డా. ఇద్దరం కలిసే పోతం" అంది. "మొండిదాన్నని ఆయననే అన్నడు గద."